నీలం డ్రమ్ముకు పెట్టిన పసుపు

ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన ఇప్పటికీ నా గొంతులో అడ్డం పడుతుంది. మొన్న కేసముద్రం మార్కెట్ పక్కన వాడేసిన నీలం డ్రమ్ములు మూతలు తీసి అమ్మకానికి పెట్టారు. కడిగినా పోని ఆ ఘాటు తగలగానే రజియా టీచర్ గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఆమె మా పక్కింట్లో అద్దెకుండేది. సర్కారు బడిలో సైన్సు టీచరు. సమ్మె కాలంలో పగలంతా దీక్షా శిబిరంలో కూర్చుని, సాయంత్రం మా అరుగు మీద నాకు పాఠం చెప్పేది. తొమ్మిదేళ్లు నిండకముందే పెద్దమనిషినయ్యానని బాపు నన్ను బడి మాన్పించాడు. "గింత పోరికి గప్పుడే ఏందే? కోడికూర ఎక్కువ పెట్టినవా?" అని వాడకట్టు ఆడవాళ్లు నవ్వితే అమ్మ తలెత్తలేకపోయేది. నేనేదో పాపం చేశాననుకుని రోజూ దేవుడికి మొక్కుకునేదాన్ని. పాపమన్న ఆలోచన నాతో మాన్పించింది టీచరే. "పాపం గీపం ఏం లేదు. ఒంటికి తొందరైంది, అంతే. ఎందుకైందో ఎతుకుదాం," అంది. ఈ రోజు నేను రాస్తున్న ప్రతి అక్షరం ఆమె పెట్టిన భిక్షే.

మా వాడకు నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. మార్కెట్లో హమాలీ చేసే బాపు, నేను బడిలో చేరిన ఏడే, పట్నం ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఖాళీ డ్రమ్ము ఒకటి తాగునీళ్లకని తెచ్చాడు. అమ్మ దాన్ని బూడిదతో, చింతపండుతో తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నీళ్లు నింపిన రోజు కొబ్బరికాయ కొట్టింది. ప్రతి శుక్రవారం దానికి బంతిపూలు పెట్టడం నా పని.

చెల్లె స్వప్న ఏడేళ్లప్పుడు రొమ్ము దగ్గర నొప్పి అని ఏడ్చింది. టీచర్ దాన్నీ అమ్మనూ మానుకోట దవాఖానకు తీసుకుపోయింది. తిరిగొచ్చి నేరుగా డ్రమ్ము ముందు నిలబడింది.

"దీంట్ల ముందు ఏం పోసిండ్రో తెలుసా అక్కా?"

"మాకెట్ల తెలుస్తది టీచరమ్మా?"

"కొన్ని కెమికల్స్ ఎంత కడిగినా పోవట, ఏండ్లకేండ్లు ఉంటయట. పిల్లల ఒంట్ల పడితే హార్మోన్లను అటుఇటు చేస్తయేమోనని డాక్టరు అనుమానం. గిదే కారణమని ఆయన చెప్పలే. నేనూ చెప్పలేను."

"తెలవనిదానికి డ్రమ్ము పారెయ్యాల్నా? గంగమ్మ కూసున్న డ్రమ్ము."

"గంగమ్మ మీద నాకు అనుమానం లేదక్కా. డ్రమ్ము మీదనే."

పూజ చేసిన వస్తువును పారేయడానికి అమ్మకు చేతులు రాలేదు. మొగుళ్లపల్లిలో ఉండే చిన్నమ్మకు పంపింది. చిన్నమ్మకూ ఇద్దరు ఆడపిల్లలు. సంగతి తెలిసి, బస్సులు సమ్మెలో ఉన్నా టీచర్ వడ్ల లారీ ఎక్కి అక్కడికి పోయింది. "మా అక్క ఇచ్చింది, నడుమ నీకేం నొప్పి?" అందట చిన్నమ్మ. కూర్చోమని కూడా అనలేదట. టీచర్ ఉత్త చేతులతో వచ్చి, "మళ్లొకసారి పోతా," అంది. పోయింది కూడా. డ్రమ్ము అక్కడే ఉండిపోయింది.

మా ఇంట్లోకి ఇత్తడి బిందెలు వచ్చాయిగానీ, మరుసటి ఏడే చెల్లె మూలన చాప మీద కూర్చుంది. చుట్టాలు నువ్వులుండలు తెచ్చారు. ముట్టకూడదని అందరూ దూరంగా నిలబడ్డారు. "ఇగ దీన్ని గూడ ఇంట్లనే ఉంచుదాం," అన్నాడు బాపు. టీచర్ వచ్చి ఆ చాప మీదే కూర్చుని, చెల్లె చేయి పట్టుకుంది.

"కడుపు నొస్తున్నదా బిడ్డా? భయమైతున్నదా?"

మా ఇద్దరిలో ఎవరినీ అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు.

"నా బడి బందైతదా టీచర్?" అంది చెల్లె.

"నువ్వే చెప్పు అన్నా. నీ బిడ్డ అడుగుతున్నది," అని ఆమె బాపు వైపు తిరిగింది.

బాపు తువ్వాలు ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "బడికి పోనీ," అన్నాడు.

చెల్లె చదువుకుంది. చిన్నమ్మ చిన్నబిడ్డకూ మాలాగే తొందరైంది. ఆ నీళ్ల వల్లనో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ పిల్లను బడి మాన్పించి, పదిహేనో ఏటే పెళ్లి చేశారు.

టీచర్ ఇప్పుడు లేదు. మా వాడలో ఏ పిల్ల పెద్దమనిషైనా వేడుకలో పాటలు పాడటానికి నన్ను పిలుస్తారు. పాట ఎత్తుకునే ముందు పోయి ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుంటాను. కడుపు నొస్తున్నదా అని అడుగుతాను. "అంటు, అంటు" అని ముసలమ్మలు గొణుగుతారు. నా దేవుడు మాత్రం ఇంతవరకు ఏమీ అనలేదు.