చెరిసగం చేసిన మందు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి బజారు నుంచి ఏది వచ్చినా ముందు మా జేజినాయన దగ్గరికి పోవాల్సిందే. ఆయన మా నాయనకు నాయన. బద్వేలు దగ్గర పల్లె మాది. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, పిల్లలం అందరం ఒకే పొయ్యి మీద వండుకుని తిన్న ఇల్లు. బెల్లం వచ్చినా, బొరుగులు వచ్చినా ఆయన చేత్తోనే పంచేవాడు. మా అన్నకు ఎంతో నాకూ అంతే. ఊళ్లో అన్నదమ్ములు వేరుపడితే పంపకాలకు ఆయన్నే పిలుచుకుపోయేవాళ్లు. తక్కెడ అయినా తప్పుతుందేమో గానీ ఆయన చెయ్యి తప్పదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఆ పేరు మా ఇంట్లో ఏం చేసిందో చెప్తున్నాను కాబట్టి నా నోటి నుంచి తీపి మాటలు ఆశించకండి.

మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, రాయచోటి వైపు పిల్ల. కోడళ్లలో చిన్నది. నవ్విందంటే వీధి అరుగు దాకా వినపడేది. కోడలు పిల్ల అట్లా నవ్వకూడదని మా జేజి, మా నాయన తల్లి, కసిరితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకాస్త నవ్వేది. జేజినాయన పంపకాన్ని ఆటపట్టించే ధైర్యం ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉండేది. "మామ చేతికి దానిమ్మకాయ ఇస్తే గింజలు ఎంచి పంచుతాడమ్మీ" అని నా చెవిలో చెప్పేది. నాకు తల దువ్వి జడ వేసింది ఆమే, కథలు చెప్పి నిద్రపుచ్చిందీ ఆమే. మా అమ్మకు ఇంటి చాకిరీతోనే పొద్దు గడిచిపోయేది.

చిన్నమ్మకు తల్లి లేదు. అందుకని కాన్పు మా ఇంట్లోనే చేశారు. ఆడపిల్ల పుట్టింది. కాన్పు తేలిగ్గానే అయింది గానీ, కొన్నాళ్లకే ఒక రొమ్ములో పాలు గడ్డకట్టి సెగగడ్డ లేచింది. ఒళ్లు పెనంలా కాలిపోయేది. ఆకులు వెచ్చచేసి కట్టారు, పసుపు పట్టు వేశారు. ఏదీ పనిచేయక బండి కట్టి బద్వేలు డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన గడ్డ కోసి, చీము తీసి, పెన్సిలిన్ సీసాలు ఇచ్చి పంపాడు.

అప్పట్లో పెన్సిలిన్ పేరు దేవుడి పేరు తలచినట్టు తలచేవాళ్లు. రబ్బరు మూత వేసిన బుల్లి గాజు సీసాలు, అడుగున తెల్లటి పొడి. చల్లగా ఉండాలన్నారని జేజి తడి ఇసుక పోసిన కుండలో వాటిని దాచి పైన గుడ్డ కప్పింది. కాంపౌండరు రోజూ సైకిలు మీద వచ్చి, మా పొయ్యి మీదే సూది మరగబెట్టుకుని చిన్నమ్మకు వేసి పోయేవాడు. జ్వరం తగ్గినా మధ్యలో ఆపకూడదని, ఇచ్చినదంతా ఆమెకే వేయాలని డాక్టరు చెప్పి పంపాడు. కొన్ని సూదులకే జ్వరం దిగింది. చిన్నమ్మ లేచి కూర్చుని బిడ్డకు రెండో వైపు పాలిచ్చింది. గండం గడిచిందని అందరం అనుకున్నాం.

అంతలో మా పెదనాయనకు తొడ మీద గడ్డ లేచింది. జేజినాయనకు పెద్ద కొడుకు, మడక పట్టి దున్నితే ఇద్దరి పని చేసే మనిషి. అటువంటివాడు మంచంలో పడి మూలుగుతుంటే ఇల్లంతా అల్లాడిపోయింది. బద్వేలులో మందు నిండుకుందని, కడప నుంచి ఎప్పుడు వస్తుందో తెలియదని కాంపౌండరు చెప్పాడు.

"మరి కుండలో ఉండేది?" అన్నాడు జేజినాయన.

"అది ఆయమ్మది పెద్దాయనా. అంతా ఆయమ్మకే వెయ్యాలని డాక్టరు గెట్టిగా చెప్పినాడు."

"ఆయమ్మకు తగ్గిపాయ గదప్పా. ఇద్దురూ నా ఇంటోళ్లే. ఒకరికి పెట్టి ఇంకొకర్ని చూస్తా కూసోమంటావా? చెరిసగం వెయ్యి."

కాంపౌండరు కాసేపు నసిగి తలూపాడు. మా ఊళ్లో జేజినాయన మాటకు ఎదురాడే మొనగాడు లేడు, ఇక రోజూ మా ఇంట్లో మజ్జిగ తాగి పోయే కాంపౌండరు ఏపాటి. ఆ మాటలు జరుగుతున్నప్పుడు చిన్నమ్మ పక్క గదిలోనే ఉంది. తలుపు తెరిచే ఉంది. నేను ఆమె మంచం మీద కూర్చుని బిడ్డకు విసురుతున్నాను. ఆమె అంతా విన్నది. ఏమ్మా, నీ మందులో సగం తీస్తున్నాం అని ఆమెను అడిగినవాళ్లు లేరు. ఆ రోజు నుంచి ఏ సీసా కలిపినా సగం ఆమెకు, సగం పెదనాయనకు.

ఇంకా చేదు ఏమిటంటే, మొదట ఇద్దరికీ నయమైంది. పెదనాయన గడ్డ పగిలి ఎండింది. ఆయన కర్ర పట్టుకుని కల్లం దాకా నడిచాడు. మందును కూడా తేడా లేకుండా పంచిన మనిషి అని ఊరు ఊరంతా చెప్పుకుంది. జేజినాయన ఆ మాటలు వింటూ అరుగు మీద మీసం సర్దుకుంటూ కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

నెల తిరగకముందే చిన్నమ్మకు మళ్లీ గడ్డ లేచింది. ఈసారి రెండో రొమ్ముకు కూడా. కడప నుంచి వచ్చిన కొత్త పెన్సిలిన్ వేశారు. సగం కాదు, నిండుగా వేశారు. జ్వరం చెక్కుచెదరలేదు. మందు పాతదేమోనని మార్చి చూశారు, అదీ అంతే. చివరికి జేజినాయనా చిన్నాయనా ఆమెను కడప ఆసుపత్రికి తీసుకుపోయారు. బిడ్డను చూసుకోవడానికి మా అమ్మ, అమ్మకు తోడుగా నేనూ పోయాం.

అక్కడి డాక్టరు పెద్దవయసు మనిషి. జరిగిందంతా అడిగి తెలుసుకుని, అందరి ముందూ జేజినాయనను నిలబెట్టి కడిగేశాడు. "సగం మందుకు చచ్చేది బలహీనమైన పురుగయ్యా. మొండిది బతుకుతుంది, పిల్లలు పెడుతుంది. ఇప్పుడీమె ఒంట్లో ఉన్నదంతా ఆ మొండి సంతానమే. దానికి పెన్సిలిన్ ఒకటే, మంచినీళ్లు ఒకటే" అన్నాడు. చేనులో తుంగను పైపైన కోసి నేలలో గడ్డలు వదిలేస్తే కూలీల మీద విరుచుకుపడే రైతు మా జేజినాయన. ఆయనకు ఆ మాట విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. మొహం మాడిపోయింది. పెన్సిలిన్‌కు లొంగని గడ్డలకు కొత్త రకం మాత్రలు వచ్చాయని, మద్రాసులో దొరుకుతాయని డాక్టరు చెప్పాడు. చిన్నాయన కట్టుబట్టలతో రైలెక్కాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం పక్క మంచం వాళ్లెవరో నాకు చీనీకాయ ఇచ్చారు. మా ఇంటి అలవాటు కదా, ఒలిచి సగం తొనలు చిన్నమ్మ నోటికి అందించాను. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"నీది నువ్వే తినమ్మీ, పూరాగా తిను. మీ జేజినాయన మాదిరి నువ్వు గూడా సగాలు చెయ్యొద్దు."

ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు లేవు. కోపం ఉంది. చచ్చిపోయేవాళ్లు అందరినీ క్షమించి పోతారని చెప్తారే, మా చిన్నమ్మ ఎవరినీ క్షమించలేదు. అందుకు ఆమె మీద నాకు ఈ రోజుకూ గౌరవమే. చిన్నాయన మాత్రల సీసా పైపంచెలో చుట్టుకుని రైలు దిగేసరికి ఆమె పోయింది.

సీసా మూత తీయకుండానే ఇంటికి వచ్చింది. పెదనాయన గడ్డ పైకి ఎండిందే గానీ లోపల మానలేదు. ఆ మొండి పురుగు ఆయన తొడలోనూ ఉన్నట్టుంది, కర్మలు ముగిసేలోపే మళ్లీ ఉబ్బింది. చిన్నమ్మ కోసం తెచ్చిన మాత్రలు ఆయనకు మొదలుపెట్టారు. జేజినాయన వేళ తప్పకుండా మంచం పక్కన నిలబడి, తన చేత్తో ఒక్కొక్కటీ మింగించాడు. తగ్గిందని పెదనాయన వద్దన్నా వినలేదు, సీసా అడుగు కనపడేదాకా వదల్లేదు. ఏనాడూ మొగుడికి ఎదురు చెప్పని మా జేజి ఒక రోజు గడపలో నిలబడి, "ఇప్పుడు సగం జెయ్యవా?" అని అడిగింది. ఆయన తల వంచుకునే ఆ పూట మాత్ర అరచేతిలోకి ఒంపుకున్నాడు.

పెదనాయన బతికాడు. మనవళ్లను ఎత్తుకున్నాడు. తల్లిలేని ఆ బిడ్డను తన కూతుళ్లలో ఒకతెగా పెంచి పెళ్లి చేశాడు. ఆయన్ని నేనేమీ అనలేను, మంచి మనిషి. ఇప్పుడు నా ఇంట్లో ఎవరైనా జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో ఆపితే ఊరుకోను. మిగిలిన మాత్ర ఉంటే ఇవ్వమని పక్కింటివాళ్లు అడిగితే ఇవ్వను. ముసలిది పిసినారి అంటారు, అననీ. ఆ కొత్త మాత్రలకు కూడా ఇప్పుడు చాలా పురుగులు లొంగడం లేదట, మా మనవరాలు చెప్పింది. విని నేనేమీ ఆశ్చర్యపోలేదు.

జేజినాయన తెలియక చేశాడని మా వాళ్లంటారు. నిజమే, తెలియకే చేశాడు. నా కడుపుమంట అది కాదు. కుండలో ఉన్నది పెదనాయన మందై, గడ్డ లేచింది చిన్నమ్మకు అయ్యుంటే, కొడుకు మందులో సగం తీసి కోడలికి వెయ్యమని ఆయన అనేవాడా? ఈ మాట నేను పెద్దయ్యాక మా నాయనను అడిగాను. ఆయన లేచి పశువుల పాకలోకి పోయాడు. అప్పటి నుంచి ఎవరైనా మా ఇంట్లో అందరూ సమానమే అని గొప్పగా చెప్తే, నేను వాళ్ల పంపకం వైపు చూడను. ముందు ఎవరి కంచంలోంచి తీశారో చూస్తాను.