తలుపు వేసి కోసిన పుచ్చకాయ

కుట్టు ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవారు. కుట్టడం అయిపోయిన చొక్కాలు ఆమె బల్ల మీదికి వస్తాయి. అంచుల దగ్గరా, గుండీల వెనకా వేలాడే దారపు పోగుల్ని చిన్న కత్తెరతో తీసేయడం ఆమె పని. రోజుకు నాలుగు వందల చొక్కాలు. కూర్చోనివ్వరు. పదకొండేళ్ళుగా నిలబడే చేస్తోంది. కుడి బొటనవేలు మొదట్లో కాయ కాచిపోయింది. వీధిలో ఎవరితోనైనా మాట్లాడుతుండగా అవతలి మనిషి బట్టల మీద ఒక పోగు కనిపిస్తే చాలు, చెయ్యి దానంతట అదే అటు పోయేది.

భర్త రంగుల మేస్త్రీ. అది ఒకప్పటి మాట. నిచ్చెన మీంచి దిగి చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో గటగటా తాగి, మూతి తుడుచుకుని మళ్ళీ ఎక్కే మనిషి. నాలుగేళ్ళ కిందట కాళ్ళు వాచాయి, మొహం ఉబ్బింది. ఆసుపత్రికి తీసుకెళ్తే కిడ్నీలు రెండూ పోయాయన్నారు. అప్పటినుంచి వారానికి మూడు రోజులు డయాలసిస్. పొద్దున్నే వెళ్ళి, నాలుగు గంటలు ఆ మెషిను పక్కన పడుకుని, మధ్యాహ్నానికి పిండేసిన గుడ్డలా ఇంటికొస్తాడు.

సూదులకు అలవాటు పడ్డాడు కానీ దాహానికి పడలేదు. రోజంతటికీ ముప్పావు లీటరు నీళ్ళు. టీ అయినా, పాలైనా, మాత్ర వేసుకునేటప్పటి గుక్కయినా అన్నీ అందులోనే. కత్తెరమ్మ పొద్దున్నే సీసా నింపి కిటికీ గూట్లో పెట్టి పనికి పోయేది. తిరిగొచ్చి చెప్పులు విప్పకముందే సీసా వంక చూసేది.

"ఇంట్లోనే వాచ్‌మన్‌ను పెట్టుకున్నానురా బాబూ, జీతం కూడా అడగదు" అని అతను వచ్చినవాళ్ళకు చెప్పి నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. కాపలా కాసి కాసి ఆమెకు నవ్వే ఓపిక పోయింది. రాను రాను అతనితో మాట్లాడే మాటలన్నీ నీళ్ళ గురించే అయిపోయాయి. ఎంత తాగారు, ఎందుకు తాగారు, ఇంకెంత మిగిలింది. పెళ్ళయిన కొత్తలో ఈ మనిషితో ఏం మాట్లాడుకునేదో గుర్తు తెచ్చుకుందామంటే గుర్తొచ్చేది కాదు.

తినకూడని వాటి పట్టీ చదివిన రోజున ఆసుపత్రి నర్సమ్మ, "పుచ్చకాయ సంగతి మాత్రం మర్చిపోండి, అది కాయ కాదు, నీళ్ళ బిందె" అంది. అంతే. నాలుగు వేసవులు ఆ ఇంట్లోకి పుచ్చకాయ రాలేదు. ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు, ఎవరూ వద్దనలేదు. అతని ముందు తినడానికి ఎవరికీ మనసొప్పలేదు, అంతే.

ఆ శనివారం ఫ్యాక్టరీలో ఒంటిపూట. ఎండ మంట పెడుతోంది. బస్సు దిగేసరికి కత్తెరమ్మకు పిక్కలు లాగేస్తున్నాయి, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. బస్‌స్టాపు పక్కనే కాయలు కుప్పపోసి ఉన్నాయి. ఒకదాన్ని సగానికి కోసి ఎర్రగా పైకి కనబడేలా పెట్టాడు అమ్మేవాడు. ఆమె దాటి పది అడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి, ఉన్నవాటిలో చిన్నది తీసుకుని, పాత చీర ముక్కలో చుట్టి సంచీ అడుగున పెట్టుకుంది. దొంగసొత్తు మోస్తున్నట్టే ఉంది ఆమెకు.

ఇంట్లో భర్త ముందు గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. మెషిను దగ్గరనుంచి వచ్చిన రోజున సాయంత్రం దాకా లేవడు. కూతురు వంటింట్లో నేల మీద కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది. పదిహేనేళ్ళ పిల్ల. తల్లి సంచీలోంచి కాయ బయటికి తీయగానే దాని కళ్ళు ఇంతయ్యాయి.

"అమ్మా! నాన్న..."

"ష్. తలుపెయ్."

పిల్ల తలుపు వేసింది. నేల మీద దినపత్రిక పరిచి, కత్తెరమ్మ కాయ మీద కత్తి పెట్టింది. చప్పుడు కాకూడదని నెమ్మదిగా నొక్కింది. కానీ పండిన కాయ మన మాట వినదు కదా. కత్తి దిగిందో లేదో పటపటమంటూ ఆ చివరిదాకా విచ్చుకుపోయింది. తల్లీకూతుళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టారు. ముందు గదిలో అలికిడి లేదు.

వంకరటింకర ముక్కలు కోసి ఇద్దరూ నిలబడే తిన్నారు. రసం మోచేతుల దాకా కారింది. పిల్ల గింజలు అరచేతిలోకి ఉమ్ముతూ, ఒకటి జారి తల్లి జడలో పడేసరికి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని కత్తెరమ్మ కూడా నవ్వబోయింది.

తలుపు తెరుచుకుంది.

అతను గడప అవతల గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. లుంగీ నలిగిపోయి ఉంది, ఎడమచేతికి సూది గుచ్చినచోట ఇంకా ప్లాస్టరుంది. నేల మీది తొక్కల్ని చూశాడు, కూతురి గడ్డం మీది రసాన్ని చూశాడు. కత్తెరమ్మకు చేతిలో ముక్క ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"వాసనొచ్చింది" అన్నాడు అతను. "కల అనుకున్నా."

కూతురు చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తింటే తినండి, నేనేమన్నా కాదన్నానా? ఈ తలుపెందుకు వేశారు? నేను పోయాక తెరుస్తారా?"

కూతురు బావురుమంది. కత్తెరమ్మకు మాత్రం ఏడుపు రాలేదు. ఎక్కడో అడుగున అణిగి ఉన్న అలసట ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"అవునండీ, వేశాను. ఏం చెయ్యమంటారు? మీరు చూస్తుంటే నాకు గొంతు దిగదు. నాలుగేళ్ళయింది మీ ఎదురుగా నేను గుక్కెడు నీళ్ళు తాగి. మంచినీళ్ళు ఎక్కడ తాగుతున్నానో తెలుసా మీకు? స్నానాల గదిలో. చెంబు లోపలికి పట్టుకెళ్ళి, గడియ పెట్టుకుని తాగుతున్నాను. ఫ్యాక్టరీలో తాగుదామంటే మాటిమాటికీ బయటికి వెళ్ళనివ్వరు. నాకూ దాహమేస్తుందండీ. నాకూ వేస్తుంది."

అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడి ఎరగదు. పక్కింటివాళ్ళు వింటారన్న ఆలోచన కూడా రాలేదు. చెప్పాల్సింది అయిపోయాక పొయ్యిగట్టుకు చేరగిలబడింది.

"స్నానాల గదిలోనా?" అన్నాడు అతను, తనలో తను అనుకుంటున్నట్టు. "అంత పొద్దు అక్కడేం చేస్తావా అనుకునేవాణ్ణి."

తర్వాత లోపలికొచ్చి, నెమ్మదిగా ఒక చేత్తో గట్టు పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. మిగిలిన సగం కాయ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇదేం కోతే? ఎలుక కొరికినట్టుంది. కత్తెరమ్మట, పేరు చూడు. ఇలా ఇయ్యి ఆ కత్తి."

"మీ చెయ్యి..."

"ఇది కాదు కదా, కుడిదేగా పని చేసేది."

సగం కాయను బోర్లించి, పైనుంచి కిందికి పచ్చని తొక్కను పట్టీలు పట్టీలుగా చెక్కాడు. గోడమీది పాత రంగు గీకినట్టే, ఒక పట్టీ పక్కన ఒక పట్టీ, ఎక్కడా ఎరుపు వృథా కాకుండా. తర్వాత అడ్డంగా బిళ్ళలు, నిలువుగా ముక్కలు. మధ్యమధ్యలో ఆయాసం వచ్చి ఆగాడు. ఆగినప్పుడల్లా కత్తెరమ్మ ముందుకు వంగింది, అతను కత్తి ఇవ్వలేదు. రెండు స్టీలు పళ్ళేల్లో సర్ది, ఒకటి కూతురికీ ఒకటి భార్యకీ జరిపాడు.

"ముందు గదిలో, ఫ్యాను కింద కూర్చుని తినండి. నా ఎదురుగా."

వాళ్ళు తిన్నారు. అదేమంత సుఖంగా లేదు. ఒక్కో ముక్కా రాయిలా దిగింది కత్తెరమ్మకు. అతను మంచం అంచున కూర్చుని, పరీక్ష పెట్టే మాస్టారిలా చూస్తున్నాడు.

"ఎలా ఉందే?" అన్నాడు కూతురితో.

"చప్పగా ఉంది నాన్నా."

"అబద్ధాలాడకు. ఆ ఎరుపు చూస్తే తెలియదూ?"

పిల్ల తలొంచుకుంది. "తియ్యగా ఉంది" అంది చిన్నగా. "చాలా తియ్యగా ఉంది."

"అలా చెప్పు మరి."

కాసేపాగి అతను భార్య పళ్ళెం వైపు గడ్డం ఎగరేశాడు. అడగడానికి సిగ్గుపడుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. లేచి, సీసా తెచ్చి చూసింది. ఇంకా నాలుగు గుక్కలున్నాయి. ఒక గుక్క తీసి చెంబులో పోసేసింది. ఒక ముక్కను బొటనవేలంత కోసి అతని చేతిలో పెట్టింది.

"రాత్రి మాత్రకు తగ్గుతుంది, మళ్ళీ నన్ను అడక్కండి."

"అడగనులే."

అతను నమల్లేదు. బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గొంతు కదలడం చూస్తూ ఆమె కూర్చుంది. మొట్టమొదటిసారి ఆమెకు అతని మీద కోపం రాలేదు, జాలీ రాలేదు. నిద్ర మాత్రం ముంచుకొచ్చింది. కూర్చున్నచోటే ఒరిగిపోయింది. అంటుకునే చేతులతో, పక్కన ఖాళీ పళ్ళెంతో, దీపాలు పెట్టేవేళ దాకా ఒళ్ళు తెలియకుండా పడుకుంది. లేచేసరికి తొక్కలు ఎత్తేసి ఉన్నాయి, నేల తుడిచి ఉంది.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని కాదు. వారం తిరక్కుండానే తెచ్చిన కాయలో అతను మూడు ముక్కలు ఎక్కువ తిన్నాడు, మర్నాటికి కాళ్ళు పొంగాయి, నర్సమ్మ ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది. ఇంటికొచ్చాక కత్తెరమ్మ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. అయినా ఆ వేసవిలో ఇంకో రెండు కాయలు ఆ ఇంటికొచ్చాయి. రెండోదానికి తనూ వస్తానని పట్టుబట్టాడు. కాయ ఎంచడం మీకేం తెలుసన్నాడు. బస్‌స్టాపు నాలుగు వీధుల అవతల. వెళ్ళిరావడానికి గంట పట్టింది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుంటున్నట్టు కనబడకుండా ఎదురుగా ఉన్న ఇంటి గోడను ఎగాదిగా చూసి, "ఎవడు వేశాడే ఈ రంగు, పట్టీలు పట్టీలుగా కనబడుతోంది" అనేవాడు.

"బాగానే ఉంది కదండీ" అనేది ఆమె, కాయను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంటూ.

"నీ మొహం. ఇలా చూడు, ఈ మూల చూడు" అంటూ అతను చూపించేవాడు. ఆమె చూసేది.