రెండంటే రెండే: స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక పెద్ద నటుడి కోసం

కెనడాలో, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో నాతో ఉండే రూతుకి నత్తి. తెలుగులో మాట్లాడితే అది అంతగా బయటపడదు గానీ, ఇంగ్లిష్ ఇంటర్వ్యూ అనగానే మాట గొంతులో ఇరుక్కుంటుంది. మా వీధిలో ఏ బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే నిండిన ఏడాది అది, ప్రతి ఉద్యోగానికీ పెద్ద పోటీ. అప్పటికే మూడు పోయాయి, నాలుగోదాని ఇంటర్వ్యూ సోమవారం. ఇంతలో, నాటకాలకి పేరుపడ్డ స్ట్రాట్‌ఫర్డ్ అనే దగ్గర్లోని ఊరికి ఒక బ్రిటిష్ నటుడు వస్తున్నారని తెలిసింది. అరవై ఏళ్లు నాటకాల్లో, సినిమాల్లో వెలిగిన మనిషి, తన జీవితకథ తనే స్టేజి మీద చెబుతారట. చిన్నప్పుడు ఆయనకీ నత్తేనట. అదెలా పోయిందో వినాల్సిందేనని రూతు పట్టుబట్టింది.

శనివారం పదిన్నరకి నా పాత కారులో బయలుదేరాం. 401 హైవే ఎక్కి, కిచెనర్ మీదుగా రెండు గంటల్లోపే చేరాం. పెట్రోలు రానూపోనూ ముప్పై డాలర్లు, స్టూడెంట్ టికెట్ పాతిక. షో రెండింటికి. నది ఒడ్డున హంసల్ని చూస్తూ పులిహోర డబ్బా తెరిచాం. రూతు మాటిమాటికీ టైమ్ చూస్తుంటే నేనే కసిరాను. రెండంటే మూడవుతుందని, జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, ప్రసంగాలయ్యాక గానీ ఆయన రారని తేల్చేశాను. తెలుగు సంఘం కార్యక్రమాలు నేర్పిన జ్ఞానం మరి.

రెండూ పదికి వెళ్తే తలుపులు మూసేశారు. టికెట్లు చూసే పెద్దావిడ ఇంటర్వెల్ దాకా లోపలికి పంపరని మర్యాదగా చెప్పి, లాబీలో కూర్చోబెట్టింది. శాలువాల సంగతి ఆవిడకేం చెప్పను? రూతు వెళ్లి మూసిన తలుపుకి చెవి ఆనించింది. తిట్టినా బాగుండేది. మేం లోపలికి వెళ్లేసరికి ఆయన బాల్యం, నత్తి, మొదటి వేషం అన్నీ అయిపోయాయి. మిగతా సగం మాత్రం అద్భుతం. ఒక్కో మాటకి ముందు ఆయన ఆగితే హాలంతా ఊపిరి బిగబట్టింది.

మా మొహాలు చూసి జాలిపడిందేమో, షో అయ్యాక ఆ పెద్దావిడే మమ్మల్ని వెనక తలుపు దగ్గర నిలబడమంది. కాసేపటికి ఆయన చేతికర్రతో వచ్చారు. ఆలస్యంగా వచ్చి మొదటి సగం పోగొట్టుకున్నామని ఒప్పేసుకున్నాను.

"అందులో నా యవ్వనం ఉంది. అది నాకూ పోయిందిలే" అని నవ్వారు.

రూతు నోరు తెరిచింది. మాట ఇరుక్కుంది. ఆయన కర్ర మీద ఆనుకుని, తొందరేమీ లేనట్టు నిలబడ్డారు. నత్తి ఎలా పోయిందని చివరికి అడిగింది.

"పోలేదు. ఏ మాట దగ్గర పట్టుకుంటుందో నాకు తెలుసు. అక్కడ ముందే ఆగుతాను. జనం దాన్ని గొప్ప నటన అన్నారు, నేను కాదనలేదు."

తిరుగుదారిలో మిగిలిన పులిహోరంతా రూతే తినేసింది. గొప్పవాళ్లు లోపాలన్నీ వదిలించుకునే పైకి వెళ్తారని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయన మాత్రం తన నత్తిని వెంటబెట్టుకునే అరవై ఏళ్లు నడిచారు. అది తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. మీరూ వెళ్లేట్టయితే అరగంట ముందే సీట్లో కూర్చోండి, పులిహోర తర్వాతయినా తినొచ్చు.

సోమవారం రూతు ఫోన్ ఇంటర్వ్యూ వంటింట్లోంచి విన్నాను. మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ నేను గరిటె తిప్పడం ఆపేశాను. ఉద్యోగం ఇచ్చినావిడ, తొందరపడకుండా ఆలోచించి మాట్లాడతావని మెచ్చుకుందట. రూతూ కాదనలేదు.