నజీహా పెద్దమ్మ దాచిన బూటు

మా నజీహా పెద్దమ్మ ఇంట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారంటే గుమ్మం దగ్గర ఎవరిదో ఒక బూటు మాయమైపోతుంది. ఒక్కటే సుమా! రెండోది అక్కడే ఉంటుంది, వెక్కిరిస్తున్నట్టు. మా బిజెర్త్ ఊరి పాతరేవు వీధుల్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

"కోపంలో బయటికెందుకు పోవడం? చల్లారాక పొమ్మను, నేనే తుడిచి ఇస్తాను" అనేది ఆవిడ.

పెదనాన్న బతికున్న రోజుల్లో ఓసారి పంతం పట్టి, ఒక కాలికి బూటు, రెండో కాలికి స్నానాలగది చెక్కచెప్పు తొడుక్కుని టకటకలాడుతూ రేవు ఆఫీసుకు బయల్దేరాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, "తప్పు నాదేలే, ఆ బూటిటు పారెయ్" అన్నాడట.

అలాంటి ఇంట్లో షూటింగు పెట్టించిన బుద్ధిమంతుణ్ణి నేను. నాది సౌండు రికార్డింగు. సినిమా చిన్నది, బడ్జెట్ మరీ చిన్నది. స్వీడన్ నుంచి ఉద్యోగానికి మా ఊరొచ్చిన దంపతుల కథ. పరాయి ఊళ్ళో ఒకరికొకరు తప్ప దిక్కులేదు, ఆ ఒకరితోనే పడదు. చివరికి మొగుడు పెట్టె పుచ్చుకుని వెళ్ళిపోతాడు.

మొదటిరోజే ఆ మొగుడు వేషగాడు యోరన్ తన భాషలో ఇల్లు ఎగిరిపోయేలా అరిచి, పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయాడు. నలభై ఆరో నంబరు బూటు ఒక్కటే ఉంది!

"పెద్దమ్మా, అది నటన! వాళ్ళు నిజం మొగుడూ పెళ్ళాలు కారు!"

"మరి ఆ పిల్ల కళ్ళెందుకు ఎర్రబడ్డాయి?"

"గ్లిజరిన్ వల్ల!"

"అదెవతిరా మధ్యలో?"

ముందు సీన్లలో అవే బూట్లు కనబడ్డాయి కాబట్టి మార్చడానికి వీల్లేదు. యూనిట్టంతా మంచాల కింద దూరాం. గంట గడిచాక పెద్దమ్మే దాన్ని తుడిచి తెచ్చిచ్చింది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

ఇంతకీ అసలు పోట్లాట వేరే ఉంది. దర్శకుడు లొత్ఫీ అన్నకీ, నిర్మాత అయిన ఆయన భార్య రదియా అక్కకీ మాటల్లేవు. అక్కకి దోహాలో ఉద్యోగం వచ్చింది. షూటింగు కాగానే ఒక్కతే వెళ్ళిపోతుందని యూనిట్‌లో గుసగుస. మూరెడు దూరంలో నిలబడి కూడా నాతోనే చెప్పించుకునేవాళ్ళు.

"వెలుతురు పోతోందని మీ డైరెక్టరుగారికి చెప్పు."

"నాకూ కళ్ళున్నాయని మీ నిర్మాతగారికి చెప్పు."

మేం బూటు వెతుకుతుంటే పెద్దమ్మ వాళ్ళిద్దర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, పుదీనా టీ పోసి, లోపల గుడ్డు కొట్టిపోసి మడిచే మా ఊరి బ్రిక్ ఇద్దరికీ కలిపి ఒకే ఒక్కటి వేయించి పెట్టేది. సొన కారకుండా దాన్ని తినడం ఒక్కడి వల్లే కాదు. ఇద్దరూ మూతులు తుడుచుకుంటూ అటూ ఇటూ చూసేవారు.

చివరిరోజు నిజంగానే పేలింది. "నీ సినిమా నువ్వే కట్టుకుని ఊరేగు!" అని అక్క సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆవిడ చెప్పు ఒకటే ఉంది.

"నావి వేసుకెళ్ళక్కా" అన్నాను, పరోపకారిని కదా. పెద్దమ్మ నా డొక్కలో పొడిచిన పోటుకి నేను పెట్టిన కేక టేపులో ఇప్పటికీ ఉంది.

లొత్ఫీ అన్న చెప్పు కోసం మంచం కింద దూరాడు. అక్కణ్ణుంచే వినబడింది: "దోహాకి నేనూ వస్తాను. ఎడిటింగు అక్కడే చేసుకుంటాను. నువ్వు పిలుస్తావేమోనని చూశాను."

అక్క సంచి జారిపోయింది. "ఆ మాట చెప్పడానికి మంచం కింద దూరాలా?"

"నీ మొహం చూస్తూ చెప్పలేక!"

సాయంత్రం చివరి సీను ఏ ఆటంకం లేకుండా అయిపోయింది. నేను పెద్దమ్మని నిలదీశాను. "నటనని నీకు ముందే తెలుసు కదూ?"

"రంజాన్ నెల టీవీ సీరియళ్ళన్నీ చూసినదాన్ని, నాకు తెలీదట్రా! పాపం ఆ పొడుగాయన బూటు దాస్తేనే కదా మీ షూటింగు ఆగేది? ఆగితేనే కదా ఆ ఇద్దరూ ఒకచోట కూర్చునేది?"

వెళ్ళేటప్పుడు రదియా అక్క నన్ను పక్కకి పిలిచింది. "పెద్దమ్మకి చెప్పకు. బూటు పిండిడబ్బాలో దాస్తోందని నాకు రెండోరోజే తెలుసు. మీరెవరైనా అటు వెళ్తుంటే నేనే మేడమీదికి తోలేదాన్ని."

"ఎందుకక్కా?"

"ఆయన పక్కన ఇంకాసేపు కూర్చోవాలనిపించేదిరా" అంది.