గోడకు సున్నం వేసింది నేనే

సుగుణా, మన చిన్నప్పుడు క్రిస్మస్‌కు మా ఇంటి గోడకు సున్నం వేసింది అమ్మ అని నిన్న నా పోస్టు కింద కామెంట్‌లో రాశావు. కాదు, నేనే. తడి సున్నం వాసనలో మెప్పు కోసం నిలబడ్డాను. నాన్న పెన్సిల్‌తో ఆ గోడ మీద రాసుకున్న మా పుట్టినరోజులన్నీ పోయాయి. తమ్ముడి వయసు ఇప్పటికీ అంచనాయే.

ఇవాళ మా కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుంటే సగంలో ఆగింది. డిస్కు మొత్తం చెరిపేయాలా అని అడుగుతోంది. అమ్మ గొంతున్న ఒకే ఒక్క రికార్డింగ్ అందులోనే ఉంది.

మనవరాలి వేలు మౌస్ మీదే ఉంది. "ఏం గాదు అమ్మమ్మా, సాఫ్ చేస్తే జల్దీ ఎక్కుతది."

"నేను గూడ గోడ సాఫే చేసిన. చెయ్యి తియ్యి."

తీసింది. డిస్కు విప్పించి పక్కన పెట్టాను. రేపు భద్రాచలం బస్సులో వచ్చేటప్పుడు మీ కోడలి ల్యాప్‌టాప్, దానికి డిస్కు తగిలించే వైరు తీసుకురా, ముందు అమ్మ గొంతు అందులోకి ఎక్కించుకుందాం.