చచ్చిన కంది మొక్కలతో కార్ఖానా దాకా

తాండూరు దగ్గర నేనూ మా తమ్ముడు శ్రీనూ కౌలుకు చేస్తున్న కంది చేను పూత మీద ఎండిపోవడం మొదలైంది. ఎండు తెగులైతే దాని బూజు మట్టిలోనే ఏళ్ల తరబడి ఉంటుంది, చేను వదులుకోవాల్సిందే. నీళ్లు నిలిచి వచ్చిన కుళ్లయితే కాలువ తీసి మళ్లీ వేసుకోవచ్చు. మా కళ్లకు రెండూ ఒకేలా ఉన్నాయి. చేను ఉంచుకుంటారో లేదో ఈ వారంలోనే చెప్పమన్నాడు పొలం ఆసామి. బూజు ఏ రకందో దాని జన్యు గుర్తులను బట్టి తేల్చే ల్యాబ్ సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో ఉందని తెలిసి, నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, ఎండిన మొక్కలు మూట కట్టుకుని బయలుదేరాను.

పొద్దున రైలెక్కితే ఎండ ముదిరేసరికి సికింద్రాబాద్‌లో దిగాను. సగం దారి నిలబడే వచ్చాను, మొక్కల మూట కాళ్ల మధ్య పెట్టుకుని. స్టేషన్ బయట ఆటో అతను కార్ఖానాకు నూట యాభై అన్నాడు. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

"ఏందన్నా, సిటీల మేకలు సాకుతున్నవా?" అన్నాడు మూట చూసి.

"కంది మొక్కలు. తెగులొచ్చింది, టెస్టు చేయిద్దామని."

"మొక్కలకు సుత టెస్టులా! మస్తు పరేషాన్ ఉందన్నా నీకు."

నవ్వాలనిపించింది గానీ నవ్వు రాలేదు.

ల్యాబ్‌లో పరీక్షలు చేసే మేడమ్‌ది కోస్తా వైపు మాట. మా సంగతంతా విని, మూట విప్పి ఒక కాడను పుటుక్కున విరిచి చూశారు.

"ఇవి పూర్తిగా చచ్చిపోయాయి కదండీ మాస్టారూ!"

"జబ్బు బాగా కనవడాలని మస్తు ఎండినవే ఏరి తెచ్చినం మేడమ్."

"అందరూ ఇదే చేస్తారండీ. మొక్క చచ్చాక దొరికిన బూజులన్నీ అందులో చేరిపోతాయి. ఇప్పుడు డీఎన్ఏ తీస్తే చాలా కనిపిస్తాయి. వాటిలో చంపిందేదో, తర్వాత తినడానికొచ్చిందేదో ఎలా చెప్పను? సగం వాడి, సగం పచ్చగా ఉన్నది తీసుకురండి. రేపు తెస్తే మీ ఆసామి గడువులోపే చెప్పేస్తాను."

ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు. చిలకలగూడ వైపు ఒక చిన్న హోటల్లో పులిహోర తిని, స్టేషన్ నుంచి తమ్ముడికి ఫోన్ చేశాను.

"సగం వాడినవా? గట్టు పక్క ఉన్నయి అన్నా. అవే జెర తేరుకుంటున్నయని రోజూ చూసుకుంటున్న."

"అవే కావాలె శ్రీనూ. ఒకటి పీకి పెట్టు."

"నువ్వొచ్చి పీక్కో అన్నా. నాతోని కాదు."

సాయంత్రం తాండూరు స్టేషన్ నుంచి నేరుగా చేలోకే వెళ్లాను. రోజంతా తిరిగిన అలసట ఒక ఎత్తు, ఆ మొక్క మొదలు పట్టుకోవడం ఒక ఎత్తు. ఒక పక్క ఆకులు వేలాడుతున్నాయి, రెండో పక్క పచ్చగా పూసింది. తమ్ముడు అటు తిరిగి నిలబడ్డాడు. చేను ఉంటుందో పోతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే దారి లేదని నాకు నేనే చెప్పుకుని లాగేశాను.

మీరూ ఇలాంటి పని మీద వెళ్లేట్టయితే, చచ్చినవాటిని మోసుకుపోకండి. బతుకుతుందేమోనని మీరు ఇంకా ఆశపడుతున్న మొక్కనే వేర్లతో సహా పీకి, పొడి కాగితంలో చుట్టి తీసుకెళ్లండి.