సూది నొప్పులు

డాక్టరమ్మ ఇచ్చిన తేదీ దాటి తొమ్మిది రోజులైంది. కడుపులో బిడ్డ కదులుతోంది గానీ, బయటికి వచ్చే ఆలోచనలో మాత్రం ఉన్నట్టు లేదు. ఉమ్మనీరు తగ్గుతోందనీ, గురువారం లోపు నొప్పులు రాకపోతే శుక్రవారం పొద్దున్నే వచ్చి చేరమనీ, మందు పెట్టి నొప్పులు తెప్పిస్తామనీ డాక్టరమ్మ చెప్పింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫ్రంట్ ఆఫీసులో పనిచేసేదాన్ని. టైమ్‌టేబుల్ వేసుకోనిదే నాకు ఏ పనీ సాగదు. ఆ రోజే ఒక నోటుబుక్కు తీసి ప్రశ్నలు రాసుకున్నాను. మందు పెట్టాక ఎంతసేపటికి నొప్పులు వస్తాయి, మధ్యలో నడవనిస్తారా, లోపల పరీక్ష చేసే ముందు నాకు చెప్తారా. డాక్టరమ్మ నవ్వింది గానీ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు, గాభరా పడకు అంది. లేబర్ రూమ్‌లోకి నాతో పాటు ఒక ఆడమనిషిని రానిస్తారట. ఆ మనిషి మా అమ్మే అని అక్కడే రాసేసుకున్నాను. మందుతో వచ్చినా సరే, నొప్పిని కళ్ళు తెరుచుకుని భరించాలి. తర్వాత నా కాన్పు గురించి నలుగురిలో గర్వంగా చెప్పుకోవాలి. నాకున్న కోరిక అదొక్కటే.

అమ్మ నల్గొండ వైపు మా ఊరి నుంచి ఎల్‌బీ నగర్‌లోని మా కిరాయి ఇంటికి వచ్చి అప్పటికి నెలయింది. నలుగురిని కన్న మనిషి. ఒక్క కాన్పుకూ సూది ఎరగదు.

"దేవుడియ్యాల్సిన నొప్పులు సూది ఎట్ల ఇస్తది బిడ్డా?" అంది.

సూదితో వచ్చేవి అసలు నొప్పులే కావన్నట్టు ఆమె మాట్లాడితే నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు అనేశాను. అమ్మ వీధి చివరి చర్చికి పోయి, నొప్పులు వాటంతటవే రావాలని ఉపవాస ప్రార్థన పెట్టించి వచ్చింది. చర్చి అక్కలు రోజుకొకరు చొప్పున ఉపవాసం ఉంటారని చెప్పింది. వాళ్ళ కడుపులు, వాళ్ళ ఇష్టం అనుకుని వదిలేశాను.

సాయంత్రాలు మెట్రో స్టేషన్ దాకా నడిచేవాళ్ళం. ఆటోల హారన్ల మధ్య నేను నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలేదాన్ని. ఇంటికొచ్చాక గోడకు చేతులు ఆనించి నిలబడితే, అమ్మ నా నడుము కింద అరచేత్తో గట్టిగా నొక్కుతూ రుద్దడం నేర్చుకునేది. ఆ చేయి పడితే చాలు, ఎంత నొప్పినైనా ఓర్చుకోగలననిపించేది. తర్వాత ఆమె షుగర్ గోలీలు నేనే తీసి చేతిలో పెట్టేదాన్ని. తిన్నావా అని అడిగితే తిన్న అనేది. గోలీ మానేస్తే నేను ఊరుకోనని ఆమెకు బాగా తెలుసు.

శుక్రవారం పొద్దున దవాఖానలో చేరాం. మా ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. ముందు లోపల మందు పెట్టారు. మధ్యాహ్నం చేతికి సెలైన్ ఎక్కించి అందులో నొప్పుల సూది కలిపారు. బిడ్డ గుండె వినడానికి కడుపు మీద బెల్టు కట్టారు. కాసేపటికి నొప్పులు మొదలయ్యాయి. నేను లెక్కపెట్టాను, అమ్మ నడుము రుద్దింది. నిజం చెప్పాలంటే గంటసేపు అంతా నేను రాసుకున్నట్టే జరిగింది. నాకు భయమే వేయలేదు.

అంతలో నడుము మీద చేయి ఆగింది. తిరిగి చూస్తే అమ్మ మంచం కడ్డీ పట్టుకుని నేల మీద కూలబడుతోంది. ఒళ్ళంతా చెమట. సిస్టర్ పరుగున వచ్చి వేలు గుచ్చి చూసింది. షుగర్ బాగా పడిపోయింది, ఎప్పుడు తిన్నారమ్మా అని అడిగింది.

"మొన్న," అంది అమ్మ.

అక్కలు రోజుకొకరే ఉన్నారు. అమ్మ మాత్రం మొన్నటి నుంచీ వరసగా ఉపవాసమే. నిన్న సాయంత్రం నా పక్కన నడిచింది ఉత్త కడుపుతోనే. దేవుడి కోసం అన్నం మానేసింది, నాకు భయపడి గోలీలు మాత్రం మానలేదు. ఆ గోలీలు చేతిలో పెట్టింది నేనే.

నా కోసం సంచిలో పెట్టుకున్న గ్లూకోజ్‌ని సిస్టర్ నీళ్ళలో కలిపి ఆమె నోటి దగ్గర పెట్టింది. అమ్మ పళ్ళు బిగించింది.

"నొప్పులు వాటంతట అవే వచ్చేదాక ముట్టనని ప్రభువుకు మాటిచ్చిన. ఇవి సూదివి."

సిస్టర్ బతిమాలింది, కసిరింది. నేను మంచం దిగబోతే ఒక పక్క బెల్టు, ఒక పక్క సెలైన్ పట్టి లాగాయి. కదలొద్దని సిస్టర్ గట్టిగా అరిచింది. ఆ పైన ఇంకో నొప్పి వచ్చింది. కన్నతల్లి రెండడుగుల దూరంలో పడి ఉంటే చేయి చాపడం కూడా నా చేతిలో లేదు. నా నోటుబుక్కులో ఈ ప్రశ్నే లేదు. అంత దిక్కుతోచని స్థితి నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

నొప్పి దిగగానే అన్నాను.

"అమ్మా, ఇవి సూదివి కావు. పొద్దున ఇంట్లనే మొదలైనయ్. నేనే నీకు చెప్పలే."

పచ్చి అబద్ధం. అమ్మ తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"నిజమేనా బిడ్డా?"

"నిజమే. తాగు."

తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను ఆమె గొంతునే చూస్తూ ఉన్నాను. తర్వాత ఆమెను పక్క మంచం మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. మూడు గంటలు ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ ఉన్నాం. నా నడుము రుద్దేవాళ్ళు లేరు. ఆరింటికి పాప పుట్టింది.

పాపకిప్పుడు మూడేళ్ళు. ఏటా దాని పుట్టినరోజుకు అమ్మ ఊరి నుంచి వచ్చి చర్చిలో సాక్ష్యం చెబుతుంది. సూది పెట్టకముందే నా బిడ్డకు నొప్పులొచ్చినయ్, ప్రభువు నా ప్రార్థన విన్నడు అంటుంది. అక్కలు చప్పట్లు కొడతారు. అవి సూది నొప్పులేననీ, ఒక్కో నొప్పినీ లెక్కపెట్టుకుంటూ భరించింది నేనేననీ లేచి చెప్పాలని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. చెబితే అమ్మ ఆ రోజు దేవుడికిచ్చిన మాట తప్పినట్టవుతుంది. పాపను చంకనెత్తుకుని, అందరితో పాటు నేనూ ఆమెన్ అంటాను.